హాజరు పుస్తకంలో లేని మనుషులు

(భోగాపురంలో కూలీలు, కంట్రాక్టు కార్మికులు కూడిన సమావేశంలో చేసిన ఉపన్యాసం పాఠం)



ఇక్కడ కూర్చున్న వాళ్లలో సగం మంది రాత్రి షిఫ్టు దిగి ఇంటికైనా పోకుండా వచ్చారు. కళ్లు మూతలు పడుతున్నాయి. అందుకే నస పెట్టకుండా అసలు సంగతికి వచ్చేస్తాం.

మన వైపు ఒక సెలవుంది. అది ఏ క్యాలెండర్లోనూ ఉండదు. సంక్రాంతి కాదు, పైడితల్లమ్మ సిరిమాను కాదు. దాని పేరు ఆఫీసరు సెలవు. ఒక రొయ్యల షెడ్డులో తలలు తీసే అక్కలు మాకు దాని గురించి చెప్పారు. "రేపు ఆఫీసరు వత్తన్నాడంట, మీరంతా సరుగుడు తోటలోకి ఎల్లి కూకోండి" అని మేస్త్రీ ముందురోజే చెప్పేస్తాడు. వాళ్లు క్యారేజీలు పట్టుకుని తోటలోకి పోతారు. "మజ్జేనం దాకా కూకున్నాం బావూ. కారు ఎల్లిపోనాక పిలిసినారు. పూట కూలి కోసేసినారు. ఏటని అడిగితే పని సెయ్యనేదు కదా అన్నారు."

ఆ పూట లోపల ఏం జరిగింది? కొత్త బూట్లు బయటికొచ్చాయి. కొత్త గ్లవుజులు వచ్చాయి. మందుల పెట్టె తాళం దొరికింది. పుస్తకంలో నలభై పేర్లున్నాయి, షెడ్డులో నలభై మంది ఉన్నారు, లెక్క సరిపోయింది. ఆఫీసరు సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆ షెడ్డులో పనిచేసేది నూటపది మంది. మిగిలిన డెబ్భై మంది ఎవరో, ఏ పేటల నుంచి వచ్చారో మీకు మేం చెప్పాలా?

ఇదేదో చిన్న మోసం అనుకోకండి. చట్టం ముందు మనుషుల్ని లెక్కపెడుతుంది, ఆ తర్వాతే హక్కు ఇస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఆడవాళ్లు ముప్పై మంది దాటితే పసిపిల్లలకు గది పెట్టాలని ఉండేది. అందుకని చాలా చోట్ల పుస్తకంలో ఆడవాళ్లు ఏ సంవత్సరం చూసినా ఇరవై ఎనిమిది మందే. మరుగుదొడ్డి లెక్కా అంతే, మంచినీళ్ల లెక్కా అంతే. పేరు లేని మనిషికి దాహం వెయ్యదు, బిడ్డ పుట్టదు, వేలు తెగదు.

వేలు సంగతి వచ్చింది కాబట్టి కుర్చీ సంగతి కూడా చెప్పుకోవాలి. పనిలో దెబ్బ తగిలి 48 గంటలు పనికి రాలేకపోతే యజమాని ఆ ప్రమాదాన్ని ప్రభుత్వానికి తెలియజేయాలి. పాత చట్టంలో 88వ సెక్షను అదే, కొత్త కోడులోనూ ఆ 48 గంటలే. మరి దీన్ని ఎగ్గొట్టేదెలా? మా పేట కుర్రాడొకడి రెండు వేళ్లు మిషను బెల్టులో పోయాయి. మూడో రోజు పొద్దున్నే ఇంటికి మోటారు సైకిలొచ్చింది. వాడిని ఎక్కించుకెళ్లి టైమాఫీసు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. కుడిచేతికి కట్టుంది కాబట్టి ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నారు. తొమ్మిది రోజులు అలా కూర్చోబెట్టారు. హాజరు పడింది, కాబట్టి ప్రమాదం జరగలేదు. కట్టు విప్పాక పని లేదు పొమ్మన్నారు. ఆస్పత్రి కాగితం తీసి చూస్తే ఇంట్లో తలుపు సందున పడి నలిగాయని రాసుంది. ఆ ఇంటికి తలుపే లేదు, తడికుంది.

మేం నలుగురం వెళ్లి ప్రమాదాల రిజిస్టరు చూపించమన్నాం. అది ఆడిటరు దగ్గరుందన్నాడు గుమాస్తా. ఆడిటరుకు వేళ్లతో ఏం పనో మాకిప్పటికీ అర్థం కాలేదు.

మిత్రులారా, పని ప్రదేశంలో కూడా ఊరూ వాడా ఉంటాయి. ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూర్చునే వాడి కులం ఏమిటి, ట్యాంకులోకి దిగి మడ్డి తోడే వాడి కులం ఏమిటి? బాయిలరు బూడిద ఎత్తేది, రసాయనాల డ్రమ్ములు కడిగేది, మురుగు గొట్టం పొడిచేది ఎవరు? మాల, మాదిగ, రెల్లి, పైడి పేటల వాళ్లు, మత్స్యకారులు, ఏజెన్సీ నుంచి దిగిన గిరిజనులు, ఒడిషా నుంచి, బీహారు నుంచి వచ్చిన మనలాంటి వాళ్లు. పర్మినెంటు పుస్తకంలో పేరెక్కేది ఒకరైతే, దుమ్ము పీల్చేది ఇంకొకరు. ఊళ్లో బావి దగ్గర జరిగిందే ఇక్కడ రిజిస్టరు దగ్గర జరుగుతోంది.

ఈ చట్టాలు మనకు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేడ్కర్. వారానికి 54 గంటల పనిని 48 గంటలకు దించిన 1946 సవరణ ఆయన హయాంలోదే. 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చినప్పుడు కార్మిక మంత్రి బాబూ జగ్జీవన్ రామ్. కనీస వేతనాల చట్టం, ఈఎస్ఐ చట్టం కూడా ఆ సంవత్సరమే వచ్చాయి. చట్టం రాసిన దగ్గర మనవాళ్లున్నారు. దాని కింద పెట్టిన పుస్తకంలో మాత్రం మన పేర్లు లేవు. రాజ్యాంగం విషయంలోనూ అంతే కదా అంటారా? అది ఇంకోరోజు మాట్లాడుకుందాం.

ఇక ఆఫీసరు సంగతి. తనిఖీకి రావడానికి ముందుగా చెప్పి రావాలా? అక్కర్లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1947లో 81వ ఒడంబడిక చేసింది. ఇన్స్పెక్టరు పగలైనా రాత్రయినా ముందు కబురు లేకుండా లోపలికి పోవచ్చు, పుస్తకాలు తీయించవచ్చు, కార్మికుల్ని విడిగా అడగవచ్చు, ఫిర్యాదు ఎవరిచ్చారో బయటపెట్టకూడదు. 1949లో భారత ప్రభుత్వం దీన్ని ఒప్పుకుని సంతకం చేసింది. ఆ సంతకం అలాగే ఉంది. కింద జరిగింది వేరు. 'ఇన్స్పెక్టర్ రాజ్ పోవాలి' అని యజమానులు గోల పెట్టారు. 2014 అక్టోబరులో కేంద్రం తన కింది తనిఖీలకు కంప్యూటరు లాటరీ పెట్టింది. యజమాని తనకు తానే అంతా బాగుందని రాసిచ్చుకునే పద్ధతులు రాష్ట్రాల్లో పెరిగాయి. దొంగ తన ఇల్లు తానే సోదా చేసుకుని కాగితం ఇచ్చినట్టు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబరు కోడులు అమల్లోకి వచ్చాయి. మన భద్రత సంగతి చూసే కోడులో ఇన్స్పెక్టరు పేరే మారింది. ఇప్పుడాయన ఇన్స్పెక్టరు కమ్ ఫెసిలిటేటరు. అంటే పట్టుకునేవాడూ ఆయనే, సాయం చేసేవాడూ ఆయనే. కరెంటు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనేవాళ్లు, ఇప్పుడు ఇరవై ఉండాలి. కరెంటు లేని చోట ఇరవై ఉండేది నలభై చేశారు. కంట్రాక్టరు చట్టం కిందికి రావాలంటే ఇరవై మంది చాలేది, ఇప్పుడు యాభై కావాలి. పిల్లల గదికి ఆడా మగా కలిపి యాభై దాటాలి. సరుగుడు తోటలోకి పంపే పని తగ్గించారన్నమాట. చట్టమే చాలామందిని బయటికి పంపేసింది.

అయితే అందులో మనకు పనికొచ్చేవి లేవా? ఉన్నాయి, వాటిని వదులుకోవద్దు. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని రాశారు. భద్రతా నియమం తప్పి మనిషి చచ్చిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకుంది. కానీ చచ్చినవాడు అక్కడ పనిచేశాడని ముందు నిరూపించాలి కదా. మళ్లీ పుస్తకం దగ్గరికే వచ్చాం.

సిగాచి సంగతి మీలో చాలామంది టీవీలో చూశారు. 2025 జూన్ 30న హైదరాబాదు దగ్గర పాశమైలారంలో ఆ ఫ్యాక్టరీ పేలిపోయింది. యాభై మందికి పైగా పోయారు. లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క రోజుకో రకంగా వచ్చింది. ఒడిషా నుంచి, బీహారు నుంచి, యూపీ నుంచి వచ్చిన చుట్టాలు ఫొటోలు పట్టుకుని గేటు దగ్గరా ఆస్పత్రుల దగ్గరా తిరిగారు. డీఎన్ఏ పరీక్షలు చేసి శవాల్ని అప్పగించారు. ఎనిమిది మందికి ఆనవాలే దొరకలేదు. బతికున్నప్పుడు మస్టరు సరిగా ఉంచడానికి పది రూపాయల కలం చాలు.

మనకు దగ్గర్లోది 2020 మే 7 నాటి విశాఖ ఎల్జీ పాలిమర్స్. తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురం మీదికి స్టైరీన్ ఆవిరి వచ్చింది, 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ జూలైలో నివేదిక ఇచ్చింది. అందులో రెండు ముక్కలు గుర్తుపెట్టుకోండి. సైరను మోగించే మీటలు ముప్పై ఆరు చోట్ల ఉన్నాయి, ఒక్కటీ నొక్కలేదు. ట్యాంకులో వేడి కొలిచే సాధనం అడుగునే ఉంది, పైన మరుగుతుంటే కింద చల్లగా చూపించింది. అంటే పుస్తకంలో రాసిన అంకె అబద్ధం కూడా కాదు! కొలవాల్సిన చోట కొలవలేదు, అంతే. ఆ ఫ్యాక్టరీ పర్యావరణ అనుమతి లేకుండా ఏళ్ల తరబడి నడిచిందని 2019లో కంపెనీయే అఫిడవిట్లో ఒప్పుకుంది. ఆ కాగితం ప్రభుత్వం దగ్గరే ఉంది. కాగితం ఉండటం వేరు, దాన్ని చదివేవాడు ఉండటం వేరు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియాలో 17 మంది పోయారు. అదీ మధ్యాహ్నం భోజనాల వేళ.

పేలితే కనీసం టీవీ వాడైనా వస్తాడు. పేలని చావుల మాటేమిటి? చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు మనకు కొత్త కాదు. ఆ దుమ్ము ఏళ్లకేళ్లు పీలిస్తే చేతులు వణుకుతాయి, మొహం బొమ్మలా బిగుసుకుపోతుంది, నడక తప్పుతుంది. ఊళ్లో 'తాగుబోతయిపోయాడు' అంటారు. ఆస్పత్రిలో పక్షవాతం అని రాస్తారు. నిజానికి మాంగనీసు విషం, రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్, జూటు, పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, ఇవన్నీ 1948 చట్టం మూడో షెడ్యూలులోనే ఉన్నాయి. ఇలాంటి జబ్బు కనిపిస్తే డాక్టరు రాతపూర్వకంగా ప్రభుత్వానికి తెలపాలి. 1994 జనవరిలో నెల్లిమర్ల జూటు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. తూటాకి పోస్టుమార్టం ఉంది, లెక్కుంది. నారదుమ్ముకి పోయినవాళ్ల లెక్క ఏ పుస్తకంలో ఉంది?

లెక్క లేకపోవడం వల్ల ఏమవుతుందో సఫాయి పనివాళ్లను అడగండి. 2021లో పార్లమెంటులో కేంద్రం ఏం చెప్పింది? పాకీపని వల్ల ఎవరూ చావలేదంది. మురుగు గుంతల్లో చచ్చినవాళ్లను 'ప్రమాదకర శుభ్రత' అనే ఇంకో ఖాతాలో రాసింది. చావు ఒకటే, ఖాతా మారింది. సఫాయి కర్మచారీ ఆందోళన్ నడుపుతున్న బెజవాడ విల్సన్ తెలుగింటి బిడ్డే, కోలారు బంగారు గనుల దగ్గర పుట్టాడు. మా దగ్గర అలాంటి దొడ్లే లేవని అధికారులు అంటే ఫొటోలు తీసి ముందు పెట్టాడు. 2003లో వాళ్లు సుప్రీంకోర్టుకెళ్తే రాష్ట్రాలు 'లేవు, లేవు' అని అఫిడవిట్లు వేశాయి. వీళ్లు ఊరూరా తిరిగి రాసుకొచ్చిన లెక్క కోర్టు ముందు పెట్టారు. 2014 మార్చి 27న తీర్పొచ్చింది, 1993 నుంచి మురుగులో చచ్చిన ప్రతివాడి కుటుంబానికి పది లక్షలు ఇమ్మంది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ప్రభుత్వ పుస్తకాన్ని ఓడించింది రెల్లి పేటల్లో, తోటి పేటల్లో రాసుకున్న పుస్తకం.

ఇక్కడ మన భోగాపురం సంగతి. విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ అయ్యాయి. భూమి లెక్కలకు ఎన్ని పుస్తకాలు తెరిచారు! సెంటు సెంటు కొలిచారు, చెట్టు చెట్టు రాశారు. అంత లెక్క తెలిసిన దేశంలో, పరంజీ మీద నిలబడ్డ మనిషి పేరు రాయడానికి కాగితం ఎందుకు దొరకదో మనం అడగాలి.

అడగడమెలాగంటారు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. జిల్లా ఆఫీసుకైతే పది రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. ఫలానా షెడ్డుకి మూడేళ్లలో ఎన్నిసార్లు తనిఖీకి వచ్చారు, ఏం రాశారు, ఎన్ని ప్రమాదాలు తెలిపారు, ఆ కాగితాల నకళ్లు ఇవ్వండని రాయాలి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. 'ఒక్క ప్రమాదమూ లేదు' అని జవాబొస్తే మరీ మంచిది. మన కుర్రాడి వేళ్లు తీసుకెళ్లి ఆ జవాబు పక్కన పెడదాం. ఆస్పత్రిలో డాక్టరు రాసేటప్పుడు పక్కన మనవాడొకడు నిలబడాలి. ఎక్కడ, ఏ మిషను, ఎన్ని గంటలకు, ఇవి రాయమనాలి. తలుపు సందు అని రాస్తే సంతకం పెట్టకండి, వేలిముద్ర వెయ్యకండి. భయముంటుంది, నిజమే. పని పోతుందన్న భయం మాకూ తెలుసు. అందుకే ఒక్కరూ వెళ్లొద్దు, ఫిర్యాదు మీద ఒక్క పేరు ఉండొద్దు.

ఇంకో పని ఈ రోజు నుంచే చెయ్యొచ్చు. మొదట చెప్పిన రొయ్యల షెడ్డులో ఒక అక్కకి చదువు రాదు. ఏడో తరగతి చదివే కూతురుంది. రోజూ రాత్రి తల్లి చెప్తుంది, పిల్ల రాస్తుంది. తారీఖు, షిఫ్టు, మేస్త్రీ పేరు, పక్కన పనిచేసిన వాళ్లు, ఎవరికేం దెబ్బ, ఆఫీసరు సెలవు ఎప్పుడు. లేబరు ఆఫీసు ముందు ఆ నోటుపుస్తకం తెరిస్తే, మేస్త్రీ 'వీళ్లు మా దగ్గర పనిచెయ్యలేదు' అన్నవాడు, తన పేరు, తన మోటారు సైకిలు నంబరు కూడా అందులో ఉన్నాయని చూసి నోరు మూసుకున్నాడు. పదకొండు మందికి కోసేసిన పూట కూలీలు తిరిగొచ్చాయి. పేర్లు ఇంకా ఎక్కలేదు. ఆ అర్జీ నడుస్తోంది.

అలాంటి నోటుపుస్తకాలు ఈ బల్ల మీద పెట్టాం. పేటకి రెండేసి తీసుకెళ్లండి. రాయడం వచ్చిన పిల్లల పేర్లు పోయేముందు మాకు చెప్పండి. పాశమైలారం వైపు పనికెళ్లిన మనవాళ్లు ఎవరెవరున్నారో, ఆ పేర్లు కూడా.