కార్మిక గ్రామాల వాస్తువు, వారసత్వం



వారసత్వ కట్టడం అనగానే కోటలు, దేవాలయాలు, రాజుల సమాధులు స్ఫురించడం సహజం. కర్మాగారంలో పనిచేసి వచ్చిన కూలీ విశ్రమించిన రెండు గదుల ఇల్లు ఆ కోవలోకి వస్తుందని ఎవరూ తలపోయరు. కాని సగరోళి వంటి గ్రామానికి అత్యంత సమీపాన ఉన్న ఆధునిక వారసత్వం సరిగ్గా అటువంటిదే. మంజీరకు ఆవల, బోధన్‌లోని శక్కర్‌నగర్ అది.

1923-31 మధ్య నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో నిజాంసాగర్ నిర్మాణం జరిగింది. మంజీర నీరు కాలువలకు ఎక్కగానే చెరకు పెరిగింది. చెరకును వెన్నంటి 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన ఆ కర్మాగారం చుట్టూ క్వార్టర్లు, అధికారుల బంగళాలు, ఆసుపత్రి, పాఠశాల ఏర్పడి ఒక పట్టణమే రూపొందింది. 1956లో రాష్ట్రాల సరిహద్దులు మారేవరకు ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ ఒకే హైదరాబాదు రాజ్యం.

ఈ తరహా ఊళ్ళకు పెద్దన్న వంటిది ఇంగ్లండులో ఉన్నది. దాని పేరు సాల్టేర్. శక్కర్ అంటే చక్కెర, సాల్ట్ అంటే ఉప్పు కదా అని పిల్లలు నవ్వుకోవచ్చు. అయితే అక్కడ ఉప్పు యజమాని ఇంటిపేరు. టైటస్ సాల్ట్ అనే ఉన్ని వ్యాపారి, ఏర్ నది ఒడ్డున కట్టించినందున ఆ రెండు పేర్లూ కలిసి సాల్టేర్ అయింది. బ్రాడ్‌ఫర్డ్ నగరం అప్పుడు పొగతో, మురికితో నిండి ఉండేది. 1849లో కలరా ప్రబలింది. నగరంలోని తన మిల్లులన్నిటినీ ఒక్కచోటికి చేర్చి, కాలువ, రైలుమార్గం పక్కపక్కన సాగే స్థలాన్ని సాల్ట్ ఎంచుకొన్నాడు. 1853లో, తన యాభయ్యవ జన్మదినాన మిల్లును ప్రారంభించాడు. వాస్తుశిల్పులు లాక్‌వుడ్, మాసన్ అనువారలు. ఇటలీ భవనాల రీతిలో కట్టిన ఆ మిల్లు ముఖభాగం పొడవు 545 అడుగులు.

అసలు చూడవలసినవి ఇళ్ళు. ఎనిమిది వందలకు పైగా ఉన్నవి. అన్నీ రాతి కట్టడాలే, వరుసలుగా తీర్చినవే. అతి చిన్న ఇంటికి సైతం నీటి కుళాయి, గ్యాసు దీపం, పెరట్లో సొంత మరుగుదొడ్డి సమకూర్చారు. ఆనాటి బ్రాడ్‌ఫర్డ్ కూలీకి ఇది ఊహకందని సౌఖ్యం. కాని ఇళ్ళన్నీ సమానం కావు. మేస్త్రీల ఇల్లు పెద్దది, దాని ముందు చిన్న తోట. సాధారణ కూలీ గుమ్మం నేరుగా వీధిలోకే తెరుచుకొంటుంది. మిల్లులో ఎవరి హోదా ఎంతో వీధిలో నడిచేవాడు గోడలను చూసి చెప్పగలిగేవాడు. వీధుల పేర్లూ అంతే: సాల్ట్ భార్య కరోలిన్, పిల్లలు, రాణి, చివరకు వాస్తుశిల్పులు సైతం వాటిలో కనిపిస్తారు. మగ్గం నడిపిన స్త్రీ పేరుకు అక్కడ చోటు దొరకలేదు. మందిరం, ఆసుపత్రి, బడి, గ్రంథాలయంతో కూడిన విద్యాభవనం, వృద్ధులకు 45 ఇళ్ళు, ఉద్యానవనం అన్నీ కట్టించిన సాల్ట్, సారాయి దుకాణానికి మాత్రం అనుమతి ఇవ్వలేదు. దయ ఉన్నది, ఆజ్ఞ కూడా ఉన్నది. ఇల్లు యజమానిదే కనుక కొలువు పోయినవాడికి నీడ కూడా పోతుంది. ఈ సంగతి దాచి ఆ ఊరిని పొగడడం చరిత్రకు న్యాయం కాదు.

1876లో సాల్ట్ మరణించాడు. రెండు దశాబ్దాలైనా గడవకముందే వ్యాపారం ఆ కుటుంబం చేయి దాటింది. 1933లో ఇళ్ళు ఒక ఆస్తుల సంస్థకు అమ్ముడుపోయి, క్రమంగా నివాసుల సొంతమైనవి. 1986లో మిల్లు మూతపడింది. మరుసటి ఏడాది జోనథన్ సిల్వర్ అనే వ్యాపారి ఆ ఖాళీ భవనాన్ని కొని చిత్రకళా ప్రదర్శనశాలగా మార్చాడు. 2001లో యునెస్కో ఆ గ్రామాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మిల్లు ఆగినా ఊరు ఆగకపోవడానికి కారణం ఒక్క రాతిగోడల దృఢత్వమే కాదు. ఆ గోడల మధ్య సంసారాలు సాగుతూ ఉండడమే ముఖ్య కారణం.

శక్కర్‌నగర్ కథ ఇంకా మధ్యలోనే ఉన్నది. 2002లో కర్మాగారంలో అధిక వాటా ప్రైవేటు వారికి వెళ్ళింది. 2015 డిసెంబరులో క్రషింగ్ నిలిచి కార్మికులు వీధిన పడ్డారు. పునరుద్ధరణ మార్గాలు పరిశీలించడానికి తెలంగాణ ప్రభుత్వం 2024లో ఒక కమిటీని నియమించింది. యంత్రాలు తిరిగి నడిస్తే సంతోషమే. నడిచినా నడవకపోయినా ఆ క్వార్టర్లకు నమూనా చిత్రం, కొలతలు, జ్ఞాపకాల నమోదు అవసరం. ఏ వరుసలో ఎవరు ఉండేవారో, క్రషింగ్ కాలంలో బెల్లపు వాసన ఎంతవరకు వచ్చేదో, సైరను మోతకు ఏ ఇంట పొయ్యి వెలిగేదో చెప్పగలవారు వృద్ధులవుతున్నారు. పై తరగతుల విద్యార్థులకు ఒక్క వేసవి సెలవు చాలు, కొలత టేపు, నోటుపుస్తకం పట్టుకొని మంజీర దాటి వెళ్ళిరావడానికి.