సూక్ష్మజీవి యింట ఇల్లరికము



వేసవి రాగానే మన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల పిల్లలకు సెగగడ్డలు లేచుట మీ రెఱుగనిది కాదు. మామిడిపండ్ల వేడి యని మనవా రందురు. ఆ పేరులోనే సెగ యున్నది గదా. చెమటయు, గోళ్ళతో గోకుటయు త్రోవ చేయును గాని, చీము పుట్టించునది ఒక సూక్ష్మజీవి. స్కాట్లండు శస్త్రవైద్యుడు ఆగ్‌స్టన్ చీమును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, గుత్తులుగా నున్న గుండ్రని జీవులను గాంచి, 1882లో ‘స్టాఫిలోకాకస్’ అని పేరిడెను. గ్రీకు భాషలో ‘స్టాఫిలీ’ యనగా ద్రాక్షగుత్తి. పేరు చక్కనిదే, గుణము వేఱు.

ఇంచుమించు ముగ్గురిలో నొకరి ముక్కున నీ జీవి యే బాధయు గలిగింపక కాపురముండును. అట్టి సాధువు క్రూరమగుటకు గల కారణములలో నొకటి నేటి ప్రసంగవిషయము.

సూక్ష్మజీవులకును తెగుళ్ళున్నవి. వానికన్న మిక్కిలి చిన్నవగు వైరసులు వానిని పట్టి పీడించును. 1915లో ట్వర్టు, 1917లో డెరెల్ వీనిని గూర్చి ప్రకటించిరి. డెరెల్ పెట్టిన పేరు ‘బాక్టీరియోఫేజి’. సూక్ష్మజీవిభక్షక మని యర్థము. కొన్ని ఫేజులు పేరునకు దగినట్లే జీవిని బ్రద్దలుచేసి చంపును. 1921లో బెల్జియమున నిద్దరు వైద్యులు వీనినే సెగగడ్డలకు మందుగా వాడిరి.

మఱికొన్ని చంపవు. ఇల్లరికపుటల్లునివలె లోనికి వచ్చి, ఆ జీవి వంశలక్షణములను మోయు జన్యుసూత్రమున తమ సూత్రమును గలిపి స్థిరపడును. జీవి రెండుగా చీలినప్పుడెల్ల అల్లుని సొత్తు సంతతికి సంక్రమించును. ఆ సొత్తులో విషము చేయు విద్య యుండుటయే ముప్పు. పాంటన్, వాలెంటైన్ అనువారు 1932లో వర్ణించిన, తెల్లరక్తకణములను చంపు విషము ఫేజి తెచ్చినదే యని తరువాత తేలినది. వాంతులు పుట్టించు ‘ఎంటిరోటాక్సిన్ ఏ’ యు నట్టిదే యని 1985లో తెలియవచ్చెను.

గృహస్థులు ముఖ్యముగా వినవలసినది దీనిని గూర్చియే. వంటవాని వ్రేలికి గోరుచుట్టున్నది. ఆ చేతితోనే పాలకోవా బిళ్ళలు చేసి, సాయంకాలమువఱకు ఉక్కలో నుంచిరనుకొందము. జీవులు పెరిగి విషము నూరుచుండును. రుచి మారదు, వాసన మారదు. తిన్న కొన్ని గంటలకే వాంతులు. “మరల కాచితిమి గదా” యందురు. కాచిన జీవి చచ్చును, విషము చావదు. దివిసీమలో నొక పెండ్లిలో నిట్లు వాంతులు పుట్టగా, వియ్యాలవారు మందు పెట్టిరని నిందించుట నేను కన్నారగంటిని. ఆ రెండిండ్లకు రాకపోకలు నేటికిని లేవు. మనుష్యులను శంకించుటకు ముందు వ్రేళ్ళను జూడవలసినది.

పాలకును నిదే న్యాయము. ఫిలిప్పీను దీవులలో బార్బరు అను శాస్త్రజ్ఞుడు, పైకి ఆరోగ్యముగా నున్న యొక యావు పాలు తాజాగా త్రాగిన బాధ లేకుండుటయు, గంటలకొలది నిలువయుంచి త్రాగిన రోగము గలుగుటయు 1914లో వెల్లడించెను.

గడ్డ లేచినంతనే కొట్టులో మాత్రలు కొని మ్రింగు నలవాటు ప్రబలినది. కొన్ని యాంటీబయాటిక్ మందుల దెబ్బకు, సూక్ష్మజీవిలో నిద్రించు ఫేజి మేల్కాంచి, అనేకముగా వెలువడి, ప్రక్కనున్న జీవులలో ప్రవేశింపగలదని ప్రయోగశాలలలో తేలినది. వైద్యుడు వ్రాసిన మందును పూర్తిగా వాడుడు, వ్రాయనిది కొనకుడు. గడ్డను పిండకుడు. గోరుచుట్టున్నవారిని, వారు నొచ్చుకొన్నను సరే, వంటకు దూరముగా నుంచుడు. ముక్కుప్రక్కనో, పైపెదవిమీదనో లేచిన గడ్డకు జ్వరము తోడైనచో, ఆ దినముననే ఆసుపత్రికి గొనిపోవలెను.