సంపులోని యంత్రము చెప్పిన మాటలు
(తుడియలూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంట చేసికొను వైర్‌లెస్ పనిముట్లను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని కార్యవర్గమువారు మమ్ము కోరినారు. మేము ఇంజనీర్లము కాము. మోటరు కాల్చుకొని నేర్చుకొన్నవారము. ఆ అర్హతతోనే ఇక్కడ నిలబడినాము.

కోయంబత్తూరులో మోటరు కాలుట ఇంటి పరువుకు సంబంధించిన సంగతి. 1937లో పీలమేడులో జి.డి. నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును కలిసి మోటరు తయారుచేసిన ఊరు ఇది. పంపు శబ్దము విని జబ్బు చెప్పగల పెద్దలు మన ఇండ్లలో ఇప్పటికిని ఉన్నారు. అట్టి ఊరిలో, పోయిన వేసవిలో, సంపులో చుక్క నీరు లేకయే మా మోటరు రాత్రంతయు తిరిగి మాడినది. దానిని తిప్పినది మా తమ్ముని కొడుకు చేసిన యంత్రమే.

యంత్రమనగా పెద్దదేమియు కాదు. ఒక ఆర్డుయినో ఊనో పలక, సంపు మూతకు బిగించిన అల్ట్రాసోనిక్ సెన్సారు, ఎన్ఆర్ఎఫ్24 అను చిన్న రేడియో. సెన్సారు ధ్వనిని క్రిందికి పంపి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చినదో చూచి నీటి దూరము చెప్పును. సంపులో నీరున్నదని రేడియోలో కబురు వచ్చినంతసేపు, మిద్దెపై తొట్టి నిండువరకు, మోటరు నడుచును.

పిల్లవాడు మొదట దానిచేత మాటలాడించినాడు. ప్రతి కొలతకు ఒక పంక్తి, యూఎస్‌బీ తీగ గుండా కంప్యూటరు తెరపై పడును. దీనినే డీబగ్ అవుట్‌పుట్ అందురు. బగ్ అనగా పురుగు. 1947లో హార్వర్డ్ మార్క్ 2 యంత్రపు రిలేలో నిజముగానే ఒక చిమ్మట దొరకగా లెక్కపుస్తకములో అతికించినారు. మాట మాత్రము అంతకు ముందునుండియు ఉన్నదే.

ఆ పంక్తులు ఏ భాషలో ఉండవలెనని మా ఇంట చిన్న తగవు నడిచినది. మన పిల్లలకు ఇంట తెలుగు, బడిలో తమిళము. వాడు తెలుగు గలగల మాటలాడును, అక్షరము రాదు. చివరకు మేము దగ్గర కూర్చుండి దిద్దించి, “నీటికి దూరము 143 సెంటీమీటర్లు” అని వ్రాయించితిమి. వాడు తెలుగు లిపిలో వ్రాసిన మొదటి వాక్యము అదియే. అది ఎంత పని చేయునో మాకప్పుడు తెలియదు.

యంత్రము నెలరోజులు నిక్కముగా పనిచేసినది. ఇక ఈ వాగుడెందుకని వాడు ఆ పంక్తులను తీసివేసినాడు. ఆ వారములోనే మోటరు కాలినది.

బయటికి తీసి, మరల పంక్తులు చేర్చి సంపుపై పెట్టి చూచితిమి. సరిగానే చెప్పినది. తీసివేయగా, వట్టి సంపును నిండినదనినది. మూడు దినములు ఇదే వరుస.

“పెదనాయనా, మాటలు తీసేస్తే అబద్ధమాడతా ఉంది.”

“పెడితేనో?”

“నిజం చెప్తా ఉంది.”

మేము చూచుటచేతనే తప్పు దాగుకొనుచున్నది! ఇట్టిదానికి హైసెన్‌బగ్ అని లోకములో పేరే ఉన్నదట.

కిటుకు లెక్కలో దొరికినది. ఆ సీరియల్ తీగ వేగము 9600. అనగా సెకండుకు 960 బైట్లు. తెలుగులో అక్షరము, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటి మూడేసి బైట్లు తీసికొనును. మా వాక్యము పంక్తి ముగింపుతో కలిపి 77 బైట్లు. పలకలోని నిలువ 64 బైట్లే గాన, వరుసగా వచ్చు పంక్తులు పోవువరకు ప్రోగ్రాము ఆగవలసినదే. పంక్తికి సుమారు 80 మిల్లీసెకండ్లు. ఆ సెన్సారు తయారీదారులు కొలతకు కొలతకు నడుమ 60 మిల్లీసెకండ్లకు పైగా ఎడముంచుమన్నారు. మేము ఆ ఎడమును వ్రాయనే లేదు. మన తెలుగే దానిని ఇచ్చుచు వచ్చినది! పంక్తి పోగానే కొలతలు ఒకదానిపై ఒకటి పడినవి. మూసిన సంపు గోడలలో తిరుగాడుచున్న పాత ప్రతిధ్వని క్రొత్తదానిగా లెక్కకెక్కినది. త్వరగా వచ్చినది గాన నీరు దగ్గరనున్నట్లు తోచినది.

ఇంగ్లీషులో వ్రాసియుండినచో పదునెనిమిది మిల్లీసెకండ్లే పట్టెడిది. తప్పు మొదటి దినముననే బయటపడెడిది. భాషాభిమానముతో ఈ సంగతి దాచుట న్యాయము కాదు.

ఇప్పుడు ఎడమును విడిగా వ్రాసినాము. ప్రతిధ్వని రానిచో సున్న వచ్చును. ఆ సున్నను దూరముగా నమ్మక, తప్పుగా లెక్కించి మోటరు ఆపునట్లు చేసినాము. మాటలను చెరిపివేయక, కావలసినప్పుడు తెరచి, వలదన్నప్పుడు మూయునట్లు ఉంచినాము. తెరచి ఒకసారి, మూసి ఒకసారి, రెండు విధములను పరీక్షించినగాని సంపులో దింపము.

మూత మూసిన పిదప తీగ ఉండదు గాన కబుర్లు రేడియోలోనే రావలెను. ఆ రేడియో ఒక్కసారికి 32 బైట్లే మోయును. మా వాక్యము అందులో పట్టదు. అందుచేత సంపునుండి అంకె మాత్రము వచ్చును, ఇంటిలోని పలక దానిని తెలుగు వాక్యముగా మార్చి చూపును. రేడియోయే చెడినచో? అందుకు మూతపై ఒక చిన్న ఎర్రదీపము పెట్టినాము. ఒకసారి మినికినచో నీరున్నది, రెండుసార్లు నీరు తక్కువ, మూడుసార్లు ప్రతిధ్వని లేదు.

మా అవ్వకు తెలుగు లిపియు రాదు, తమిళ లిపియు రాదు. నెలక్రితము తెల్లవారుజామున మేమందరము నిద్రలోనుండగా ఆమె పెరటినుండి కేకవేసినది: “మూడుసార్లు మినుకుతా ఉంది, లేచి చూడండ్రా!” పోయి చూడగా సెన్సారు తీగను ఎలుక కొరికియున్నది. మోటరు ఆగియున్నది.