మూలకణముల కోశికలు



వైద్యలోకమున నేడు మిక్కిలి సందడి చేయుచున్న ఎక్సోజోములను గూర్చి నాలుగు మాటలు చెప్పనెంచితిని. ఏలయన, స్నాతకులారా, మీలో అనేకులకు రేపు ఆస్పత్రియందో ప్రయోగశాలయందో వీనితో పనిపడక తప్పదు.

1983లో మాంట్రియల్ నగరమున పరిశోధకురాలు రోజ్ జాన్‌స్టోన్ గొర్రె నెత్తుటను, సెయింట్ లూయిస్ నగరమున పరిశోధకుడు ఫిలిప్ స్టాల్ ఎలుక నెత్తుటను పరీక్షించుచు, పక్వమగుచున్న ఎఱ్ఱకణము ఇనుమును లోనికి గొనివచ్చు ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకములను, వాని యవసరము తీరినంతనే, సూక్ష్మకోశికలలో మూటగట్టి వెలుపలికి విసర్జించుటను గమనించిరి. ఎక్సోజోములనబడు, సుమారు 30 నుండి 150 నానోమీటర్ల పరిమాణముగల ఈ కోశికలను శాస్త్రజ్ఞులు చిరకాలము కణము పాఱవేసిన చెత్తగానే యెంచిరి. తమకు ప్రయోజనము తెలియనిదెల్ల నిష్ప్రయోజనమని తలచుట విద్వాంసులకు పాత యలవాటే! 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ఆ మూటలలో ఆర్‌ఎన్‌ఏ కలదనియు, అది మఱియొక కణమును జేరి యచ్చట ప్రోటీనుల నిర్మాణమునకు అక్కఱకు వచ్చుననియు నిరూపించిన పిమ్మటగాని ఆ యభిప్రాయము మాఱలేదు.

ఈ కోశికల విలువ మూలకణముల చికిత్సయందును తెలియవచ్చెను. గుండెలో ప్రవేశపెట్టిన మూలకణములలో అధికభాగము కొలదిదినములలోనే నశించుచుండగా, మేలు మాత్రమెట్లు కలుగుచున్నదను చిక్కు వైద్యులను వేధించుచుండెను. 2010లో సింగపూరు పరిశోధకులు ఆ కణములు స్రవించిన కోశికలను మాత్రమే చుంచెలుకలకిచ్చి, గుండెపోటువలని హాని తగ్గుటను చూపిరి. 2018లో, క్రొవ్వునందలి మూలకణముల కోశికలు స్థూలకాయపు చుంచెలుకల క్రొవ్వులో వాపును శమింపజేసి, ఇన్సులిను పనితీరును మెఱుగుపఱచినట్లు మఱియొక బృందము ప్రకటించెను.

ఈ చికిత్సాఫలములన్నియు ఎలుకల మాటలు. ఒకే కణమునుండి వచ్చిన కోశికలైనను పెంచిన ద్రవమునుబట్టి, వేఱుచేసిన విధానమునుబట్టి గుణము మార్చుకొనును. మోతాదును రేణువుల సంఖ్యతో కొలువవలెనా, ప్రోటీను తూకముతోనా యనునదియు తేలలేదు. అయినను అంగడి ఆగునా? 2019 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, నెబ్రాస్కా రాష్ట్రమున అనుమతిలేని ఎక్సోజోముల చికిత్సపొందిన రోగులు తీవ్రమైన అనారోగ్యమునకు గుఱియైరని ప్రజలను హెచ్చరింపవలసి వచ్చెను.

మిత్రులారా, మధుమేహముతో వేసారిన వృద్ధుడొకడు ప్రకటన కాగితమును చేతబట్టి వచ్చి, “ఈ సూది వేయించుకొందునా, నాయనా?” అని మిమ్మడిగిననాడు విసుగుకొనకుడు, ఎలుకలలో ఫలించినదేదో, మనుష్యులలో ఇంకను రుజువు కానిదేదో ఆయనకు తెలియు తెలుగున విప్పిచెప్పుడు, వాడుచున్న మందులను మాత్రము మాననీయకుడు.