కీళ్ల చికిత్సకు పోవువారికి కొన్ని మాటలు

జ్వరము వచ్చినచో ఏమి చేయవలెనో మన పల్లెలలో అందరికిని తెలియును. వైద్యుని కడకు పోవుదుము. ఆయన మాత్రయో సూదిమందో ఇచ్చును. ఇంటికి వచ్చి పడుకొందుము. మందు తన పని తాను చేయును. కాని మోకాలు పట్టివేసినప్పుడు, భుజము పైకి లేవనప్పుడు, పక్షవాతము వచ్చి ఒక ప్రక్క చచ్చుబడినప్పుడు, వైద్యుడు “ఫిజియోథెరపీకి పొండు” అని చీటీ వ్రాసి యిచ్చిన యెడల, మనలో పెక్కుమంది ఆ చీటీని మడచి సంచిలో పెట్టుకొని ఊరికి తిరిగి వత్తురు. కొందరు రెండు మారులు పోయి, “అచ్చట మందు లేదు, మాకు లేదు; చేయి ఎత్తుము, కాలు దించుము అనుటయే గాని” అని మానివేయుదురు.

ఈ ఉపేక్షవలన కలుగు నష్టము స్వల్పము కాదు. విరిగిన యెముక అతుకుకొనును, కట్టు విప్పుదురు. కాని కట్టులో వారముల తరబడి కదలక యున్న కీలు బిగిసిపోయి యుండును. కండ సన్నగిల్లి యుండును. దానిని సాధనచేత మరల సడలింపకున్నచో ఎముక బాగైనను చేయి పనికి రాదు. పక్షవాతమునందు మొదటి కొన్ని మాసములు మిక్కిలి విలువైనవి. పోయిన నేర్పును మెదడు మరల నేర్చుకొనుటకు అప్పుడే ఎక్కువ అనువు. “ఇక ఎన్నాళ్లు బ్రదుకుదుములే” అని మంచము పట్టి ఆ మాసములను పోగొట్టుకొన్నవారిని మా గ్రామముననే చూచితిని. తన చేతితో తాను అన్నము కలుపుకొనుటయు, ఒకరి భుజము పట్టుకొనక పెరటికి పోయి వచ్చుటయు వృద్ధునకు గౌరవము. ఆ గౌరవము నిలుచుటకు మార్గ మున్నదని చెప్పుటకే ఈ ప్రసంగము.

ఈ చికిత్స నిన్న మొన్న పుట్టినది కాదు. 1813లో స్వీడన్ దేశమున లింగ్ అను నాతడు అంగసాధన నేర్పుటకు ఒక విద్యాలయమును స్థాపించెను. 1894లో లండను నగరమున నలుగురు నర్సులు ఈ వృత్తికి ఒక సంఘమును ఏర్పరచిరి. మన దేశమున బొంబాయిలో పోలియో వ్యాధి ప్రబలిన పిమ్మట, 1953లో అచ్చటి కె.ఇ.యం. ఆసుపత్రిలో ఈ విద్య నేర్పు పాఠశాల వెలసినది. 2021లో పార్లమెంటు చేసిన చట్టములో ఈ వృత్తికిని స్థానము కలిగినది. కావున చికిత్స చేయువారిని వారి పట్టా యేమని అడుగుట తప్పు కాదు. అడుగవలయును కూడ.

ఇక రోగి చేయవలసిన దేమి? చరకాచార్యులు చికిత్సకు నాలుగు పాదములు చెప్పిరి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగి కూడ ఒక పాద మగుట గమనింపుడు. ఆ రోగికి నాలుగు గుణము లుండవలెననిరి: స్మృతి, జ్ఞాపకత్వము, అభీరుత్వము, నిర్దేశకారిత్వము. జ్ఞాపకత్వ మనగా ఇచ్చట గుర్తుంచుకొనుట కాదు, తెలియజెప్పుట. మందు తక్కువయై సాధన ఎక్కువయైన ఈ చికిత్సలో ఈ నాలుగు గుణములే ప్రధానము.

మొదటిది స్మృతి. బాధ ఎప్పుడు మొదలైనది, పడితిరా, బరువెత్తితిరా, పూర్వము శస్త్రచికిత్స జరిగినదా, ఇవన్నియు అడుగుదురు. పాత చీటీలు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితములు, వాడుచున్న మందులు ఒక సంచిలో వేసికొని పొండు. బి.పి., షుగరు, గుండెజబ్బు ఉన్నచో అడుగకమునుపే చెప్పుడు. గుండెకు పేస్‌మేకరు అమర్చినవారు ఆ మాట తప్పక చెప్పవలయును. ఏలయన అచ్చట వాడు కొన్ని విద్యుత్ యంత్రములు వారికి అపాయకరములు. మోకాలును భుజమును చూపుటకు వీలగు వదులు బట్టలు కట్టుకొని పొండు. స్త్రీలు స్త్రీ చికిత్సకురాలిని కోరవచ్చును. లేదా ఇంటివారిని ఒకరిని దగ్గర నుంచుకొనవచ్చును.

రెండవది జ్ఞాపకత్వము. సంస్కృతమున శుశ్రూష అను మాటకు మొదటి యర్థము వినగోరుట. సేవ యను నర్థము దాని తరువాతిది. మంచి చికిత్సకుడు మొదటి దినమున ఎక్కువ కాలము వినుటకే వినియోగించును. పిదప మిమ్ము నడిపించి చూచును, కూర్చుండబెట్టి లేవనెత్తించును. కీలు ఎంతవరకు వంగుచున్నదో కోణము కొలుచు పరికరముతో కొలుచును. కండ బలమును సున్న మొదలు ఐదు వరకు అంకెలతో గుర్తించును. నొప్పి సున్న మొదలు పది వరకు ఎంత అని మిమ్మడుగును. “చాల నొప్పి” అనక, “మెట్లు దిగునప్పుడు ఏడు, పడుకొన్నప్పుడు రెండు” అని చెప్పినచో ఆయనకు దారి తెలియును. మీకు కావలసిన దేమో కూడ చెప్పుడు: పీటపై కూర్చుండి పూజ చేయవలెను, పొలము గట్టున నడువవలెను, మనుమని ఎత్తుకొనవలెను. చికిత్స ఆ గురివైపు సాగును.

మూడవది అభీరుత్వము, అనగా భయము లేకుండుట. ఉద్యోగపు చివరి దినములలో నా కుడి భుజము బిగిసికొనిపోయినది. షుగరు ఉన్నవారికి ఈ బాధ ఎక్కువగా వచ్చును. నాకును అది యుండెను. నల్లబల్లపై నా తల కంటె ఎత్తున అక్షరము వ్రాయలేకపోతిని. మొదటి దినమున కొలిచినప్పుడు చేయి ఎనుబది డిగ్రీలు లేచెను. నెల గడచినను తొంబదియైదే. విసుగు పుట్టెను. కాని ఆ అంకె కాగితముపై నుండుటచేత పదునైదు డిగ్రీల లాభము కంటికి కనబడెను. తొమ్మిది మాసములకు నూటయేబది వచ్చెను. నొప్పిని చూచి చేయిని కదలింపక దాచుకొన్న కొలది కీలు మరింత బిగియును. అయితే నొప్పిని లెక్కచేయక మొరటుగా లాగించుటయు తగదు. సుశ్రుతాచార్యులు తన బలములో సగము మేరకే వ్యాయామము చేయుమనిరి. ఊపిరి నోటికి వచ్చుట దానికి గుర్తు. నేటివారు చెప్పు నియమమును దీనికి దగ్గరదే. సాధనవేళ కొంచెము నొప్పి కలిగి త్వరలో తగ్గినచో మేలు. మరునాటి ఉదయమునకు నొప్పి మునుపటికంటె పెరిగినచో సాధన తగ్గింపవలెను. ఎదలో నొప్పి, కన్నులు తిరుగుట, ఊపిరి అందకుండుట కలిగినచో వెంటనే ఆపి చెప్పవలెను.

నాలుగవది నిర్దేశకారిత్వము, అనగా చెప్పినట్లు చేయుట. అచ్చట కాపడము పెట్టుదురు, మైనపు పూత వేయుదురు, యంత్రముతో సన్నని కరెంటు పంపుదురు. ఇవి హాయిగా నుండును గనుక ఇవియే చికిత్స యని పలువురు భ్రమపడుదురు. ఇవి నొప్పిని తాత్కాలికముగ తగ్గించి, సాధనకు వీలు కలిగించునవి మాత్రమే. అసలు చికిత్స ఇంటివద్ద ప్రతిదినము మీరు చేయునది. బడిలో చెప్పిన పాఠము ఇంటివద్ద వల్లె వేయనివానికి ఏమి వచ్చును? మోకాలు అరిగినవారు కుర్చీలో కూర్చుండి కాలు ముందునకు చాచి, తొడ కండ బిగించి, కొంచెము నిలిపి మెల్లగా దించుట చిన్న పనివలె తోచును. తొడ కండ బలపడిన కొలది నడకలో మోకాలికి ఆసరా పెరుగును. వారములు గడచిననే ఫలము తెలియును గాని మూడవ నాటికే తెలియదు.

ఇక ఆయుర్వేదము, ప్రకృతి చికిత్స, యోగము మొదలగు సమగ్రారోగ్య మార్గముల మాట. స్వస్థుడు అనగా తనయందు తాను నిలిచినవాడు. ఒక కీలును మాత్రమే గాక నిద్ర, ఆకలి, విరేచనము, మనోవ్యాకులత అన్నియు విచారించుట ఈ మార్గములకు సహజము. మహాత్ముడు 1946లో పూనాకు దగ్గరనున్న ఉరుళీకాంచన్ గ్రామమున ప్రకృతి చికిత్సాలయము నెలకొల్పినది బీదవారి కొరకే. ఆయుర్వేద వైద్యుడు నాడి చూచును, ప్రకృతి విచారించును. తైలముతో అభ్యంగనము, పిదప స్వేదనము చేయింపవచ్చును. వీనివలన దేహమునకు హాయి కలుగుట నిజమే. కాని రెండు జాగ్రత్తలు. బి.పి.కి, షుగరునకు వాడుచున్న మందులను మీయంతట మీరు మానవలదు. ఇచ్చట వాడు మందులు అచ్చట, అచ్చట వాడు మందులు ఇచ్చట చెప్పుడు. రసౌషధములలో లోహములుండును గనుక, పట్టభద్రుడైన వైద్యుడు స్వయముగా ఇచ్చిననే గాని పుచ్చుకొనవలదు. అన్ని రోగములు కుదుర్తునని, ముందుగా సొమ్ము కట్టుమని చెప్పువానికి నమస్కారము పెట్టి వచ్చుట మేలు.

కొన్ని లక్షణములు కనబడినచో తైలమునకును సాధనకును పోక, ముందు పెద్ద ఆసుపత్రికి పోవలయును. నడుము నొప్పితో పాటు మూత్రము స్వాధీనము తప్పుట, కాళ్లు మొద్దుబారుట, కారణము లేక చిక్కిపోవుట, జ్వరము వీడకుండుట అట్టివి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినచో దానిని మర్దింపరాదు. లోపల రక్తము గడ్డకట్టి యుండవచ్చును. మూతి వంకర పోయినను, చేయి హఠాత్తుగా పడిపోయినను, మాట తడబడినను అది పక్షవాతపు గుర్తు. అప్పుడు గడియయైనను జాగు చేయక 108 బండిని పిలువవలయును.

మహాశయులారా, ఊరిలో ఎవరికైన ఈ చీటీ వ్రాసియిచ్చినచో వారు సలహాకు వచ్చునది మీ యరుగు మీదికే. “ముసలితనమునకు వైద్యమేమి?” అని మీరొక మాట అన్నచో ఆ మనిషి మంచము పట్టును. “పోయి రమ్ము, నెల దినములు చేసి చూడుము” అన్నచో లేచి నడువవచ్చును. ఆ రెండవ మాట అనుడని ప్రార్థించి సెలవు గైకొనుచున్నాను.