మొదటి హ్యామ్ కేంద్రమునకు వాడిన సామగ్రి



నేను ఆర్ట్సు పట్టభద్రుడను, దస్త్రములతో పొద్దుపుచ్చువాడను. ఇట్టివాడు రేడియో సామగ్రిని గూర్చి ప్రసంగించుటేమని మీరు నవ్వవచ్చును. కాని వాడిన సెట్టును కొనుటకు ఇంజనీరింగు కంటె పరిశీలనయే ముఖ్యము. ఇనుమును మ్రోగించి మేలుకీడులు చెప్పగల జంషెడ్‌పూరు వారికి అది కొత్త విద్య కాదు.

ఈ నగరపు తెలుగువారిలో శ్రీకాకుళసీమ నుండి వచ్చిన కుటుంబములు పెక్కు. ఆ సీమ ఇచ్చటికి సరళరేఖలో సుమారు 550 కిలోమీటర్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువలో తీరము దాటినపుడు స్తంభములు కూలి ఫోనులు మూగవోయినవి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున నాటి పోర్టుబ్లెయిరులో నుండిన శ్రీమతి భారతీ ప్రసాద్ తన హ్యామ్ కేంద్రము నుండియే అండమానుల వార్తలను బయటికి చేరవేసిరి. అట్టి కేంద్రము మన ఇంట నుండుట విలాసము కాదు.

పండ్రెండేండ్లు నిండిన వారెవరైనను కేంద్ర ప్రభుత్వపు పరీక్షకు కూర్చుండవచ్చును. లైసెన్సు చేతికి రానిదే ట్రాన్స్‌మిటరును కొని ఇంట నుంచరాదు. మనబోటి ఉద్యోగులకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

డబ్బు పరిమితమైనపుడు మొట్టమొదట ఏరియలు సంగతి చూడుడు. దానిని పాతది కొననేల? 7 మెగాహెర్ట్జులకు ఇరుప్రక్కల పదేసి మీటర్ల రాగితీగ చాలును. పగటివేళ ఆ తరంగములు ఆకాశపు అయానుపొరను తాకి మన సీమ దూరమునకు చక్కగ దిగును. చిన్న సెట్టుకు మంచి ఏరియలు తోడైనచో, చెడ్డ ఏరియలు తగిలించిన పెద్ద సెట్టు దాని ముందు దిగదుడుపే. క్వార్టర్ల కప్పు మీద తీగ కట్టుటకు అనుమతి పొందుడు. ఉరుము వినబడినంతనే దానిని సెట్టు నుండి ఊడదీయుడు.

ఇక సెట్టు. 1970 ప్రాంతపు జపాను సెట్లు, యాయెసు ఎఫ్‌టీ 101 వంటివి, చూపునకు ఠీవిగ నుండును. కాని వాటి చివరి దశలోని వాల్వులు నేడు దొరకుట కష్టము. లోపల వందల వోల్టుల విద్యుత్తు. క్రొత్తవానికి అది చౌక బేరము కాదు. 2003 ప్రాంతమున హైదరాబాదు వాసి శ్రీ అష్‌హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ 20 సెట్టులో కాయిళ్లను నీళ్లకుళాయి వాషర్ల మీద చుట్టిరి! తరువాత వచ్చిన బిట్‌ఎక్స్ 40 మనకు కావలసిన 7 మెగాహెర్ట్జులలోనే పనిచేయును. శక్తి కొద్ది వాట్లే. అయినను అట్టిది వాడినది దొరికినచో, టంకపు అతుకులు నున్నగ నున్నవో లేవో చూచి సంకోచింపక కొనవచ్చును.

ఏ సెట్టునైనను అరగంట నడిపించి ఒకే కేంద్రమును వినుడు. స్వరము క్రమముగ జారిపోవుచున్నచో బేరము విడువుడు. మూత తీయించుడు: ఉబ్బిన కెపాసిటర్లు, మాడిన వాసన, అరిగిన మరతలలు అమ్మువాని కంటె నిజము పలుకును. ఏరియలుకు బదులు 50 ఓముల డమ్మీ లోడు తగిలించి, వాట్‌మీటరులో శక్తిని కొలువుడు. వంద వాట్ల సెట్టుకు 13.8 వోల్టుల వద్ద 20 ఆంపియర్లనిచ్చు పవర్‌సప్లై కావలెను. దాని వెలయును, మైకు వెలయును కలుపుకొనియే బేరమాడుడు. అమ్మువాని లైసెన్సు సంఖ్యయు, సెట్టు మీది సంఖ్యయు గల రసీదును వ్రాయించుకొని మీ లైసెన్సు కాగితములతో కలిపి భద్రపరచుడు.