బీపీ బిళ్ళ మానేసిన నాడు
(హనుమాన్ జంక్షన్‌లో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన కుటుంబం నన్ను ఒక్కటే కోరింది. తమ నాన్నగారిని పొగడొద్దు, ఆయనకు వచ్చిన పక్షవాతం ఇంకొకరికి రాకుండా ఏం చెయ్యాలో చెప్పమంది. తోటలోకి అడుగుపెట్టి కాపు చూసి ఎన్ని టన్నులు దిగుతుందో చెప్పగలిగిన మనిషాయన. చివరి రోజుల్లో మనవరాలి పేరు నోట పలకలేక, ఆ పిల్ల వైపు ఎడమ చెయ్యి చాపేవారు. కుడి చెయ్యి లేచేది కాదు. బీపీ ఉందని ఆయనకు తెలుసు. కొన్నాళ్ళు బిళ్ళ వేసుకున్నారు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, బాగానే ఉంది కదా అని మానేశారు. పక్షవాతం వచ్చిన ఇళ్ళలో నేను తరచూ వినే మాట ఇదే: బాగానే ఉందని మానేశాం.

బాగానే ఉన్నట్టు ఎందుకు అనిపిస్తుంది? బీపీకి నొప్పి లేదు గనుక. కానీ లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది. మెదడు అడుగున ఒక పెద్ద ధమని నుంచి వెంట్రుకల్లాంటి సన్నని నాళాలు నేరుగా పైకి లేస్తాయి. పెద్ద కాలువ గట్టుకు తూము పెట్టి నేరుగా పిల్లబోదె తీస్తే వరద తాకిడి ఎలా పడుతుందో, ఆ నాళాల మీద రక్తపు పోటు అలా పడుతుంది. ఏళ్ళ తరబడి పడితే గోడలు గట్టిపడి పూడిపోతాయి, లేదా చిట్లుతాయి. కాలూ చెయ్యీ కదిపే తంతువులన్నీ కట్టగా కిందికి దిగేది సరిగ్గా ఆ చోటనే. అందుకే వేలిగోరంత చోటు పాడైనా సగం శరీరం పడిపోతుంది. రక్తం ఆగిన పెద్ద పక్షవాతంలో నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని 2006లో లెక్క కట్టారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా పసరు మందుకని ఊళ్ళు తిరగకండి. 108కి ఫోన్ చెయ్యండి, స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. నేను ఈ మాట చెప్పని సభ లేదు. అయినా ఈ రోజు చెప్పదలచింది ఆ నాలుగున్నర గంటల గురించి కాదు, వాటికి ముందు బీపీ చడీచప్పుడు లేకుండా పనిచేసే పదిహేనేళ్ళ గురించి.

ఆ పదిహేనేళ్ళను తన పనిగా పెట్టుకున్న న్యూరాలజిస్టు మన రాష్ట్రంలోనే ఉన్నారు. నెల్లూరులో పనిచేస్తున్న డాక్టర్ బిందు మీనన్ గారు. న్యూరాలజిస్టు అంటే ఎమ్మారై ఫిల్ము చేత్తో పట్టుకుని చల్లటి గదిలో కూర్చునే మనిషని మనకొక ఊహ. రోగి ఆ గదికి చేరేసరికి సగం నష్టం జరిగిపోయి ఉంటుంది. ఆమె 2013లో తన పేరిట ఒక ఫౌండేషన్ పెట్టారు. 2015 నుంచి ‘న్యూరాలజీ ఆన్ వీల్స్’ పేరుతో బండి కట్టుకుని నెల్లూరు జిల్లా పల్లెలకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఊళ్ళోకి వెళ్ళి ముందు పక్షవాతం ఏమిటో, మూర్ఛ ఏమిటో జనానికి చెబుతారు. తరవాత బీపీ, షుగరు చూస్తారు. జబ్బు ఉన్నవారికి మందులు ఉచితంగా ఇస్తారు. వినడానికి ఇందులో గొప్ప శస్త్రవిద్య ఏమీ లేదు. నాకు మాత్రం ఇదే గొప్పగా తోస్తుంది. అంత చదువు చదివి, పంచాయతీ అరుగు మీద కూర్చుని బీపీ పట్టీ చుట్టడం తన స్థాయికి తక్కువ పని అనుకోలేదు ఆమె. 2022లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ ఆమెకు మానవతా సేవకు ఇచ్చే పురస్కారం ఇచ్చింది. నెల్లూరు పల్లెల్లో చేసిన పనిని అంత దూరంలో గుర్తించారు. మన జిల్లాలో ఎంతమందికి తెలుసు?

పల్లెకు ఈ జబ్బులేమిటి, ఇవి పట్నంవాళ్ళవి కదా అనేవారు ఇప్పటికీ ఉన్నారు. కొల్లేరుకు అవతల గోదావరి జిల్లాల్లో 45 గ్రామాలు తీసుకుని, లక్షా 80 వేల జనాభాలో 2004 అక్టోబరు వరకు ఏడాది పాటు జరిగిన ప్రతి మరణానికీ ఇంటింటికీ వెళ్ళి కారణం ఆరా తీశారు. 1,354 మరణాలు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే. గుండెపోటుదీ పక్షవాతానిదీ దాదాపు సమాన వాటా. అంటురోగాలు మూడో స్థానానికి దిగిపోయాయి. వరి పండించే పల్లెల లెక్క ఇది. మన మామిడి తోటల పల్లెలు వేరుగా ఉంటాయని నేను అనుకోను.

ఆ తరవాత పశ్చిమ గోదావరిలోనే 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి, ఎవరికి ముప్పుందో వాళ్ళే గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు చేసి చూశారు. గుర్తించడం బాగానే జరిగింది. బీపీ అదుపులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ ఫలితం నిరాశ కలిగించేదే, కానీ నాకు చాలా విలువైనది. జబ్బు పేరు చెప్పడంతో పని అయిపోదు. వచ్చే నెల, ఆ వచ్చే నెల, పంట డబ్బు రాని నెల కూడా బిళ్ళ ఇంట్లో ఉందా, నోట్లో పడిందా అని అడిగే మనిషి ఒకరుండాలి.

ఇక ఉప్పు. మన రాష్ట్రంలో ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి కొలిచిన అధ్యయనంలో రోజుకు మనిషికి సుమారు 9.5 గ్రాముల ఉప్పు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాములలోపు, అంటే చెంచా నిండకూడదు. ఆవకాయ తినొద్దని హనుమాన్ జంక్షన్‌లో నిలబడి అనే ధైర్యం నాకు లేదు, అనవలసిన అవసరమూ లేదు. ఆవకాయ అన్నం తిన్న పూట పెరుగన్నంలోకి మళ్ళీ ఊరమిరపకాయ, మాగాయ, పక్కన అప్పడం, మజ్జిగలో ఇంకో చిటికెడు ఉప్పు అవసరమా అని అడుగుతున్నాను. బీపీ ఉన్న మనిషి కంచంలో ఊట వేయకుండా ముక్క మాత్రం వెయ్యండి. వడ్డించే అమ్మలకు ఈ మాట డాక్టరు చీటీ కంటే ఎక్కువ పనికొస్తుంది.

మెదడుకు దెబ్బ తగలకుండా చూసుకోవడం కూడా దాన్ని కాపాడుకోవడంలో భాగమే. నూజివీడు రోడ్డూ గుడివాడ రోడ్డూ వచ్చి జాతీయ రహదారిని తాకే చోటు మనది. పక్క ఊరికేగా అని హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని వెళ్ళే కుర్రాళ్ళను రోజూ చూస్తున్నాం. కోతల్లో చిక్కం పట్టుకుని పైకొమ్మ దాకా ఎక్కే కూలీల తల గురించీ తోట యజమానులు ఆలోచించాలి. మూర్ఛ గురించి కూడా ఒక మాట: ఎవరికైనా అది వస్తే చేతిలో తాళాలు పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మతిమరుపు గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే దాని మీద జరిగిన ఒక పరిశోధన మన తెలుగునేలకే పేరు తెచ్చింది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, సహచరులు డిమెన్షియా అనే ఈ మతిమరుపు జబ్బు ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ప్రచురించారు. రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్ళలోనూ ఈ తేడా కనిపించింది. బజారులో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడే నిరక్షరాస్యురాలి మెదడు కూడా వ్యాయామం చేస్తూనే ఉందన్నమాట. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక కమిషన్ కూడా 14 కారణాలను సరిదిద్దగలిగితే డిమెన్షియాలో దాదాపు 45 శాతం నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని చెప్పింది. చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, ఒంటరితనం, తలకు దెబ్బ ఆ జాబితాలో ఉన్నాయి. నడివయసు బీపీ అందులోనూ ఉంది.

ఈ కుటుంబం ఏటా ఉపన్యాసానికి ఖర్చు పెట్టదలచిన డబ్బు గురించి నాదొక విన్నపం. వచ్చే ఏడాది నుంచి ఇంత పందిరి వద్దు. మామిడి సీజనులో రైతులు, కూలీలు, లారీ డ్రైవర్లు అందరూ ఈ రోడ్డు మీదే ఉంటారు. నూజివీడు రోడ్డు మొదట్లో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బీపీ మిషను, ఒక లెక్కల పుస్తకం పెట్టండి. పేరు, ఊరు, బీపీ, బిళ్ళ వేసుకుంటున్నారా లేదా, ఆపితే ఎందుకు ఆపారు అనేవి రాయాలి. డబ్బు లేక ఆపినవాళ్ళకు ఈ నిధి నుంచి నెల నెలా బిళ్ళలు వెళ్ళాలి. మరిచిపోయి ఆపినవాళ్ళ ఇంటికి ఎవరైనా ఫోన్ చెయ్యాలి. పుస్తకం రాయడానికి కాలేజీ పిల్లలు ఇద్దరు కావాలి, నేర్పే బాధ్యత నాది. మిషను నేను తెస్తాను. ఈ సభ అయ్యాక వేదిక పక్కనే ఉంటాను, పేర్లు ఇవ్వదలచినవాళ్ళు అక్కడికి రండి. బీపీ చూపించుకుని ఏడాది దాటినవాళ్ళు కూడా రండి, పట్టీ నా సంచీలోనే ఉంది.